ఎద్దు చావకుండా, బండి విరగకుండా

"ఇంక కదలదు పిల్లా! ముందుకు లాగితే ఎద్దు చస్తుంది, వెనక్కి లాగితే బండి విరుగుతుంది," అన్నాడు ఇసాబెక్ ముసలాయన, మోకాలి లోతు వాగు నీళ్లలో నిలబడి.

సామెత చెప్పినట్టే ఉంది వాళ్ల పని. ఎదర ఒడ్డు నిట్టనిలువుగా ఉంది. ఉన్న ఒక్క ఎద్దూ పొద్దుటినుంచీ నురగలు కక్కుతోంది. వెనక చక్రం రెండు బండరాళ్ల మధ్య ఇరుక్కుంది, ఇరుసు అప్పటికే పగులిచ్చింది. బండి మీద పన్నెండు బస్తాల గోధుమలున్నాయి. సాయంత్రంలోగా రైలు స్టేషన్లో దింపకపోతే బండి తోలుకొచ్చిన కలీపాకు జైలు. ఎద్దు చచ్చినా జైలే, బండి విరిగినా జైలే. రెండూ కొల్హోజ్ అనే ఊరి ఉమ్మడి సేద్య సంఘం సొత్తు. మగాళ్లంతా యుద్ధంలో ఉన్న ఆ నాలుగో ఏడు, కిర్గిజ్ కొండల్లో ఆడవాళ్లకు దొరికిన కొలువులు ఇలాంటివే.

పన్నెండూ కాక పదమూడో బస్తా ఒకటుంది. అది ఉన్ని అని బయల్దేరేటప్పుడే చెప్పింది కలీపా.

"ముందు ఆ ఉన్ని బస్తా నీళ్లలోకి తొయ్యి. ఎద్దుకి కాస్త ఊపిరాడుతుంది," అన్నాడు ముసలాయన.

"ఉన్ని జోలికి మాత్రం రాకు తాతా."

"అవున్లే. ప్రాణం పోయినా ఉన్ని పోకూడదు."

బండి దగ్గర్నుంచి దగ్గు వినిపించింది. కలీపా గబగబా తలగుడ్డ కొస నోటికి అడ్డం పెట్టుకుని మరో నాలుగుసార్లు దగ్గింది.

"పొద్దుటినుంచీ ఇదే వరస! సంఘం చైర్మన్ వేరేవాళ్లని పంపుతానన్నాడుగా? నేనే పోతానని నువ్వెందుకు పట్టుబట్టావు?"

"ఇంట్లో కూర్చుంటే దగ్గు తగ్గుతుందా?"

"ఆ సామెత పుట్టింది ఈ వాగులోనే, తెలుసా?" అన్నాడు ముసలాయన. ఆ కొండల్లో ఏ ఊరివాడైనా అది తమ వాగులోనే పుట్టిందంటాడు. "ఒక షావుకారు ఉప్పు మూటలేసుకుని వచ్చి సరిగ్గా ఇక్కడే ఇరుక్కున్నాడట. ముందుకా, వెనక్కా అని మూడు రోజులు బండి మీద కూర్చుని ఆలోచించాడట. ఈలోగా ఉప్పంతా కరిగి వాగులో కలిసిపోయింది. అప్పుడన్నాడు ఆ మాట. రెండు దార్లూ మూసుకుపోతే మనిషి చేసేదేమీ లేదని దానర్థం."

"అంటే మూడు రోజులూ ఆ మహానుభావుడు బండి దిగలేదన్నమాట!"

ముసలాయన ఎద్దు మెడ నిమిరాడు.

"దిగుంటే సామెత ఉండేది కాదు, ఉప్పుండేది. కాడి తియ్యి తాతా."

మొదట ఉన్ని బస్తాను తనే భుజానికెత్తుకుని ఒడ్డు మీద పెట్టి వచ్చింది. ముసలాయన నవ్వాడు కానీ, తర్వాత నవ్వే ఓపిక ఇద్దరికీ లేకపోయింది. గోధుమ బస్తాలకు ఒక కొస ఆయన, ఒక కొస ఆమె పట్టుకుని పన్నెండుసార్లు ఆ మంచునీళ్లు దాటారు. నాలుగోసారి కలీపా జారి నిలువునా మునిగింది. లేచి మళ్లీ కొస పట్టుకుంది. చివరకు ఖాళీ బండిని ఇద్దరూ తోశారు. ఎద్దు గట్టెక్కింది, బండీ ఎక్కింది.

బస్తాలన్నీ మళ్లీ సర్దేసరికి గుర్రం మీద తనిఖీ అధికారి వచ్చాడు. చేతిలో పొడవాటి ఇనప చువ్వ ఉంది.

"సర్కారు వెళ్లగొట్టి మీ ఊళ్లో తెచ్చి దింపిన పరాయి జాతివాళ్లలో పొద్దున లెక్కకి ఒకరు తగ్గారు. కాగితం లేకుండా ఊరు దాటడమే నేరం. దాటించినవాళ్లకీ జైలే. దారిలో ఎవరైనా కనబడ్డారా?"

"పొద్దుటినుంచీ ఎద్దు తోక తప్ప నాకింకేమీ కనబడలేదయ్యా. ఆ కాగితమేదో అడిగిన రోజే ఇస్తే దాటేవాళ్లెందుకుంటారు? నెల పడుతుందటగా?"

అతను గోధుమ బస్తాలను చువ్వతో పొడిచి చూశాడు. గింజలు రాలాయి. పదమూడో బస్తా వైపు గుర్రాన్ని తిప్పాడు.

కలీపా బండెక్కి ఆ బస్తాను ఆనుకుని కూర్చుంది. తలగుడ్డ విప్పేసి పిండడం మొదలుపెట్టింది. జడలు రెండూ బయటపడ్డాయి.

పెళ్లయిన ఆడదాని జుట్టు పరాయి మగాడి కంటబడితే ఆ కొండల్లో తలవంపులు ఆ మగాడికే. ముసలాయన చటుక్కున వెనక్కి తిరిగాడు. అధికారి గుర్రాన్నే తిప్పేశాడు.

"ఇదేం పని అక్కా! ముందు తలకి కట్టుకో!"

"తడిగుడ్డ కట్టుకుంటే ఈ దగ్గు నన్ను చంపేస్తుందయ్యా. మీ పని మీరు కానివ్వండి, బస్తా ఇక్కడే ఉంది."

"ఎంతసేపటికి ఆరుతుంది?"

"ఎండ లేదుగా? సాయంత్రం దాకా పట్టొచ్చు." మళ్లీ దగ్గు, దాని మీద ఇంకా పెద్ద దగ్గు.

సామెత ఇప్పుడు అధికారి మెడకు చుట్టుకుంది. చూస్తే పరువు పోతుంది, చూడకపోతే తనిఖీ పోతుంది. అతను మాత్రం మూడు రోజులు ఆలోచించలేదు. వెనక్కి తిరక్కుండానే తనిఖీ అయిందని చీటీ రాసి ముసలాయన చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

స్టేషన్ చేరేదాకా ముసలాయన బండి వైపు తిరక్కుండా ముందు నడిచాడు. గోదాము ముందు వరసలో నిలబడ్డాక ఆగలేకపోయాడు.

"మీ అత్త బతికుంటే ఉరేసుకునేది. గుప్పెడు ఉన్ని కోసం ఇంత బరితెగిస్తావా?"

"అది నాది కాదు తాతా. పొరుగావిడది. భద్రంగా చేరుస్తానని మాటిచ్చాను."

"పొరుగావిడ ఉన్ని కోసమా!" ముసలాయన ఎద్దు వైపు తిరిగి సాక్ష్యం చెప్పమన్నట్టు చేతులూపాడు.

ఆయన్ని వరసలో ఉంచి, కలీపా పదమూడో బస్తాను రెండు చేతులా ఎత్తుకుంది. గోదాము వెనక సందు దాటి, తెల్లసున్నం వేసిన ఇంటి మెట్ల మీద మెల్లగా దింపింది. వీధి అటూ ఇటూ చూసి, మూతి తాడు విప్పింది. ఈసారి దగ్గు బస్తాలోంచి వచ్చింది.

"లే తల్లీ, ఆసుపత్రి వచ్చేసింది," అంది.