బండాంటీ

భోజనాల బండి వచ్చి మంచం పక్కన ఆగింది.

"అమ్మాయిగారూ, మీ కంచం," అంది బండి తోసే ఆవిడ.

పదకొండేళ్ల పిల్ల మొహం గోడవైపు తిప్పుకుంది. మణికట్టు మీద నరాలు నీలంగా పైకి తేలాయి.

"అక్కడ పెట్టి వెళ్లండి," అంది తల్లి నీరసంగా.

ఆవిడ వెళ్లలేదు. నలభై దాటిన భారీ మనిషి. కూర్చుంటే స్టూలు కిర్రుమంది. తన డబ్బా మూత తీసి, పిల్లకి ఎదురుగా తీరిగ్గా తినడం మొదలుపెట్టింది.

తల్లికి ఒళ్లు మండింది. ఆస్పత్రి మనుషులతో గొడవెందుకని ఊరుకుంది.

పిల్ల తిండి మానేసి నాలుగు నెలలు. కారణం లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో దొరికింది. తనకిష్టమైన బొమ్మ నడుముకి దారం చుట్టి కొలిచిందట. ఆ బొమ్మ తనంత ఎత్తు ఉంటే నడుము పద్నాలుగు అంగుళాలు. తనది ఇరవై మూడు. కింద గీత గీసి తీసివేత కూడా చేసింది. ఇంకా తొమ్మిది తగ్గాలి.

లెక్కలో తప్పు లేదు.

అలాంటి బొమ్మలు అల్మరా నిండా కొనిపెట్టింది తల్లే. "నా బంగారం అచ్చం బొమ్మలా ఉంది" అని వచ్చినవాళ్లందరి ముందూ మురిసిపోయిందీ తనే.

మూడోరోజు పిల్ల నోరు విప్పింది.

"మీరు చాలా లావు."

"అవును. ఈ వార్డు పిల్లలు నన్ను బండాంటీ అంటారు. బండీ నాదే, బండా నేనే."

పిల్ల పెదవి చివర కాస్త కదిలింది.

"సిగ్గేయదా?"

"ఏస్తుంది. కానీ దానికంటే ముందు ఆకలేస్తుంది."

ఆరోజు పిల్ల రెండు ముద్దలు తింది. మర్నాడు నాలుగు. ఆ తర్వాతి రోజు పిల్ల ఆవిడ మోచెయ్యి నొక్కి చూసి, "ఎంత మెత్తగా ఉందో చూడమ్మా," అని నవ్వింది.

తను కాళ్లావేళ్లా పడినా ఇటు తిరగని పిల్ల, ఈ పరాయి మనిషితో నవ్వుతోంది. రేపు పిల్ల కూడా ఇలాగే లావుగా తయారైతే? ఆ ఆలోచన వచ్చినందుకు తల్లికి తనమీద తనకే కోపమొచ్చింది. ఆ కోపం ఆవిడ మీదికి మళ్లింది.

"జబ్బు మనుషుల మధ్య కూర్చుని తినడమేంటండీ? ఒక పద్ధతీ పాడూ ఉండక్కర్లేదా?" అని సూపర్‌వైజరుకి చెప్పింది.

ఆవిణ్ణి కింద లాండ్రీకి మార్చేశారు.

వెళ్లేముందు ఆవిడ గుమ్మం దగ్గర నిలబడింది. "మీరు పిల్ల ముందు కూర్చుని తినండమ్మా. పిల్లతో పాటు పస్తులుండకండి."



పిల్ల మళ్లీ గోడవైపు తిరిగింది. వారానికల్లా ముక్కులోంచి గొట్టం వేశారు.

"బండాంటీ ఎప్పుడొస్తుంది?" రోజంతటికీ అదొక్కటే మాట.

ఆవిడ వెళ్లిన పన్నెండోరోజు తల్లి పెద్ద నర్సు దగ్గరికి వెళ్లింది.

"ఆవిణ్ణి ఒక్కసారి పిలిపించండి. నేనే పొరపాటు పడ్డాను. చేతులు పట్టుకుని అడుగుతాను."

పెద్ద నర్సు చేతిలోని దుప్పటి మడత అలాగే ఆగిపోయింది.

"నిన్న తెల్లారి పోయిందమ్మా. గుండె ఆగిపోయింది."



"లావు వల్లేనా?" అనేసింది తల్లి. నోరు జారాక నాలుక్కరుచుకుంది.

"కాదు. ఆ గుండె ముప్పై ఏళ్ల కిందటే దెబ్బతింది. మీకు చెబుతానంటే తనే వద్దంది. 'ఆ పిల్ల నన్ను చూసి భయపడి తినకూడదు సిస్టర్, ఆకలేసి తినాలి' అంది."

"ముప్పై ఏళ్ల కిందటా? అప్పుడు చిన్నపిల్ల కదా. ఏమైంది?"

నర్సు దుప్పటి పక్కన పెట్టింది.

"అద్దం ముందు నిలబడి నిలబడి తిండి మానేసి, పన్నెండేళ్లకి ఇరవై కిలోలైనా తూగని ఒంటితో ఈ వార్డుకే వచ్చిందమ్మా తను."