ఒక్క పెంకూ పగలలేదు

"చెట్టు పనిలో ఒక్క పెంకు పగిలినా నా ఉద్యోగం ఊడుతుంది" అన్నాడు ఇంజినీరు, మూడోసారి.

కోతి మేస్త్రి తల గోక్కున్నాడు. పాతికేళ్లుగా చెట్లెక్కుతున్నవాడికి ఆ పేరు ఊరికే రాలేదు. అతని సూత్రం ఒక్కటే. కింద ఏమీ లేకపోతే నరికి వదిలెయ్యాలి, పగిలేది ఉంటే తాడు కట్టి దించాలి. దారికి అడ్డంగా ఉందని పైనుంచి ఆర్డరొచ్చిన ఈ చెట్టు, సగం కొమ్మల్ని టైలరక్క ఇంటి మీదే పరుచుకుంది.

ఆ పెంకులంటే అక్కకు ప్రాణం. పదేళ్లు రెక్కలు ముక్కలు చేసుకుని మొన్ననే వేయించుకుంది. కుట్టుమిషనూ ఆమె కాపురమూ వాటి కిందే. కొమ్మ జారిందా, కూడూ గూడూ రెండూ పోతాయి.

"నీదే భారం తమ్ముడూ" అంది మేస్త్రితో.

ఇంజినీరు అంతకన్నా కంగారు మనిషి. ఇంటికి నాలుగు వైపులా ఫొటోలు తీయించాడు. గోడలు కొలిపించాడు. చిన్న రెమ్మల్ని పక్కన ఖాళీ జాగాలోకి విసిరేస్తానని మేస్త్రి అంటే, ఆ జాగా కూడా రికార్డులో ఉందన్నాడు. చివరికి పళ్లు తోముకునే పుల్లంత రెమ్మ కూడా తాడెక్కే దిగింది.

మేస్త్రి చెట్టు పై పంగలోంచి తాడు పోనిచ్చి కొమ్మకు కట్టేవాడు. కింద బావమరిది రెండో కొసను మొదలుకు రెండు చుట్లు చుట్టి, కొంచెం కొంచెంగా వదిలేవాడు.

"మా అక్కనైనా ఇంత సుతారంగా చూసుకున్నావా బావా?" అని గొణిగాడు.

రెండో రోజు తాడు సర్రున జారింది. కొమ్మ పెంకులకు జానెడు ఎత్తులో ఆగింది. బావమరిది అరచేతుల తోలు లేచిపోయింది. ఇంజినీరు పాపం కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

మూడో రోజు సాయంత్రానికి చెట్టు మొదలంటా పోయింది. ఇంజినీరు నిచ్చెనెక్కి పెంకు పెంకూ తడిమి చూశాడు. ఇంటికి నష్టం లేదు, దారి ఖాళీ అని కాగితం మీద రాసి సంతకం చేశాడు. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. పేదల ఇంటి మీద ఇంత శ్రద్ధ చూపిన ఆఫీసరును తన జన్మలో చూడలేదంది.

"మా డ్యూటీ అమ్మా" అన్నాడు ఇంజినీరు, మెలికలు తిరిగిపోతూ.

మర్నాడు పొద్దున్నే, చెట్టు అడ్డం తొలగిన ఆ దారిలో, ఆమె ఇల్లు కూల్చే బుల్డోజరును వెంటబెట్టుకుని వచ్చాడు.