పద్నాలుగో పేజీ

ఆ రోజు సుష్మిత చెయ్యాల్సిన పనులు ఐదు.

నీలం చీర ఇస్త్రీ చేసుకోవాలి. అవనిగడ్డలో ఆరున్నర బస్సు అందుకోవాలి. గుడివాడ చేరేలోగా పద్నాలుగో పేజీ కంఠతా పట్టాలి. పది గంటలకు స్కూల్లో డెమో క్లాసు చెప్పాలి. తిరుగుదారిలో పామర్రులో దిగి, ఉద్యోగం కాగితం జిరాక్సు తీయించాలి.

ఐదోది ఉండాలంటే నాలుగోది గట్టెక్కాలి.

ఇది మూడో డెమో. మొదటి రెండుచోట్లా కబురు చేస్తామన్నారు, చెయ్యలేదు. ఇదీ పోతే సోమవారం నుంచి అమ్మ దేవమ్మతో పాటు రొయ్యల షెడ్డుకి వెళ్ళడమే. సూపర్‌వైజరు సుష్మిత పేరు కూడా రాసేసుకున్నాడు. ఆ ఇంట్లో మొదటి డిగ్రీ సుష్మితది. ఆ డిగ్రీ రొయ్యలు ఒలవడానికి రావడం దేవమ్మకి ఇష్టం లేదు. ఆ మాట పైకి అనలేదు, అంతే.

పద్నాలుగో పేజీ జిరాక్సు షాపుల్లో అమ్మే ఒక నోట్సులోది. దివిసీమ నుంచి బందరు దాకా పరీక్షలు రాసే ప్రతివాళ్ళ దగ్గరా అది ఉంటుంది. ఒకదానితో ఒకటి కలిసిపోయే ఇంగ్లీషు మాటలు, వాటి తేడాలు. జిరాక్సుకు జిరాక్సు, మళ్ళీ దానికి జిరాక్సు. రాసిందెవరో ఎవరికీ తెలీదు. ఉదాహరణలన్నీ బస్సుల గురించే. లూజ్ అంటే టికెట్టు పోగొట్టుకోవడం. లూస్ అంటే సీటు బోల్టు వదులైపోవడం.

చల్లపల్లిలో ఎక్కిన ఒక పెద్దాయన, వేరే చోటు లేక, అడిగి మరీ ఆమె పక్కన కూర్చున్నారు. తెల్ల చొక్కా, గుడ్డసంచి, జేబులో ఎర్ర పెన్ను. కాసేపు పేజీ వంక చూసి గొంతు సవరించుకున్నారు.

"అమ్మాయ్, ఆ పేజీలో బారో, లెండ్ తారుమారయ్యాయి. దిద్దనా?"

సుష్మిత నోట్సు దగ్గరికి లాక్కుంది. బస్సుకొకరు ఉంటారు ఇలాంటివాళ్ళు అనుకుంది.

"ఇది చదివి మా ఊళ్ళో నలుగురికి ఉద్యోగాలొచ్చాయండీ. తప్పుంటే వాళ్ళెలా పాసయ్యారు?"

"అదే నాకూ అంతుబట్టట్లేదమ్మా."

ఆయన నవ్వలేదు. ఆమె గొడుగు ఒక్కసారి ఇమ్మని చెయ్యి చాచారు. ఇవ్వక తప్పలేదు.

"ఇప్పుడు చూడు. పుచ్చుకునే నా చెయ్యి కిందుంది. అది బారో. ఇచ్చే నీ చెయ్యి పైనుంది. అది లెండ్. చేతులు చూసుకుంటే ఇంకెప్పుడూ తారుమారు కావు."

మాస్టారా మీరు అని అడిగింది సుష్మిత. అబ్బే, పదో తరగతి వరకే చదివానన్నారు.

"పది చదివి డిగ్రీవాళ్ళకి చెప్తున్నారా అండీ?"

అన్నాక నాలిక కరుచుకుంది. ఆయన గొడుగు ఆమె ఒళ్ళో పెట్టేశారు. కాసేపటికి, కిటికీలోంచి చూడకుండానే లేచి తలుపు దగ్గరికి నడిచారు. ఆయన అక్కడికి చేరడమూ పామర్రు స్టాపు రావడమూ ఒక్కసారే.

బస్సు కదిలాక సుష్మిత, ఆయన తప్పని తేల్చుకోవడానికే, ఫోన్లో డిక్షనరీ తెరిచింది.

తప్పు నోట్సుదే.

ఆ పేజీ అలాగే చెప్పి ఉంటే?

క్లాసులో ఆమె బోర్డు మీద ఏమీ రాయలేదు. ముందు బెంచీలో హారిక అనే పిల్లని స్కేలు ఇమ్మని చెయ్యి చాచింది. ఎవరి చెయ్యి కిందుంది, ఎవరిది పైనుంది? పిల్లలు నవ్వారు. ఆ తర్వాత ఎవరిని లేపి అడిగినా తడబడలేదు. వెనక కూర్చున్న ప్రిన్సిపాల్ జ్యోతిర్మయి గారు కూడా తెలీకుండానే తన అరచెయ్యి తిప్పి చూసుకుంటున్నారు.

కబురు చేస్తామనలేదు. సోమవారం రమ్మని అక్కడికక్కడే కాగితం ఇచ్చారు.

గేటు బయటికి రాగానే అమ్మకి ఫోన్ చేసింది.

"అమ్మా, షెడ్డులో నా పేరు కొట్టేయమని చెప్పు."

"నువ్వు బస్సెక్కగానే కొట్టేయించానే" అంది దేవమ్మ.

సుష్మిత కాగితం జాగ్రత్తగా మడుచుకుని పామర్రు బస్సెక్కింది.

పామర్రులో జిరాక్సు షాపు శేషగిరిరావుది. కాగితం ఇస్తూ, మీరు అమ్మే నోట్సులో పద్నాలుగో పేజీ తప్పండీ అని చెప్పింది. పొద్దున్నే దిద్దేశారన్నాడాయన, సొరుగులోంచి అసలు కాపీ తీస్తూ. ఎర్ర సిరాతో రెండు మాటలూ మార్చి ఉన్నాయి. పక్కన రెండు చేతుల బొమ్మ.

"తెల్ల చొక్కా, గుడ్డసంచి. ఆయనేనా?"

ఆయనే. తప్పు సంగతి మనవరాలు చెప్పేదాకా తెలీదట. తెలిసిన దగ్గర్నుంచి నెల రోజులుగా బందరు, బంటుమిల్లి, అవనిగడ్డ, ఈ నోట్సు ఉన్న షాపులన్నీ తిరిగి దిద్దుతున్నారట. పామర్రే ఆఖరిది. పని అయిపోయిందని టీ తాగి వెళ్ళిపోయారు. ఫోన్ నంబరు ఎవరూ అడగలేదు.

"దారినపోయే మనిషి దిద్దుతానంటే దిద్దనిచ్చారా?"

"రాసినాయన దిద్దుకుంటానంటే వద్దనడానికి నేనెవర్నమ్మా?"

శేషగిరిరావు కట్టలో అడుగున పడిన మొదటి పేజీ తీసి చూపించాడు. ఒక కాగితం కలిసొస్తుందని దాన్ని ఏ షాపులోనూ జిరాక్సు తియ్యరు. దాని మీద రెండే వరుసలు: జ్ఞానయ్య, బస్సు కండక్టరు. నాలాగా పదితో ఆగిపోకూడని పిల్లల కోసం.

ఆ పేజీతో సహా ముప్పై కాపీలు తీయించి సోమవారం స్కూలుకు పట్టుకెళ్ళింది సుష్మిత. మీ ఇంట్లోనూ మొదటి పేజీ లేని ఆ నోట్సు ఉంటే, పద్నాలుగో పేజీ దిద్దుకుని, పైన ఖాళీలో జ్ఞానయ్య గారి పేరు రాసి, ఆయన్ని గుర్తుపెట్టుకోండి.