‘సూన్’కి ఉదాహరణ

“‘సూన్’ పుట్టుపూర్వోత్తరాలు తేలాయా, లేక ఆ ఒక్క మాటతోనే నీ బతుకు తెల్లారుతుందా?” అన్నారు మా నిఘంటువు ఎడిటర్, నా చేతిలోని కాగితం వంక చూడకుండానే.

“తేలాయి సార్. పాత ఇంగ్లీషులో ‘సోనా’. అంటే తక్షణం. జర్మానిక్ భాషల్లోని దాని చుట్టాల్లోనూ అదే అర్థం.”

“మరి ఇప్పుడు ‘కొన్నాళ్లకి’ అని ఎందుకైంది?”

“‘సూన్’ అన్నవాళ్లు వెంటనే కదల్లేదు సార్. అనీ అనీ మాట నీరుగారిపోయింది.”

“సోమరి వెధవలు!” ఆయన మొహం చిట్లించారు. “ఆ అర్థానికి ఉదాహరణేదీ? కల్పించినవి మన దగ్గర చెల్లవు. ఎవరో ఒకరు నిజంగా అన్నదే కావాలి.”

కాగితం తిప్పి చదివాను. “నీ ఉద్యోగం సూన్ పర్మనెంట్ చేస్తాను.”

“ఎవరన్నారిది?”

“మీరే సార్. నేను చేరినప్పటి నుంచీ, ఏటేటా.”

ఆయన పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టారు. గొంతు మెత్తబడింది. “మనసులో పెట్టుకోకమ్మా. నీ సంగతి సూన్…” అంటూనే నాలుక కరుచుకున్నారు.

ఇన్నాళ్లూ నా పనిలోనే ఏదో లోపముందని కుమిలిపోయాను. ఈ మనిషి అసలు కుర్చీలోంచి కదిలే రకమే కాదు.

“రెండో ఉదాహరణ కూడా దొరికింది సార్,” అని, ఆ మాటా రాసి, కాగితం ఆయన ముందు పడేసి, నా వస్తువులన్నీ సర్దుకుని బ్యాగు భుజాన వేసుకున్నాను.