గెక్ చూ ఆంటీ క్యూ

సింగపూర్‌లో మా పేట తిండిశాలలో గెక్ చూ ఆంటీ రొయ్యల నూడుల్స్ అంగడి ముందు క్యూ మూల తిరిగి కాఫీ అంగడి దాకా పోయేది. పనంతా ఆమె ఒక్కతే చేసుకోవాలి. నడుం పడిపోయింది.

క్యూల లెక్కలు చదివిన ఇంజనీరు హాన్ లియాంగ్ ఆ క్యూలోనే నిలబడి విసిగిపోయాడు. "వచ్చే జనం జోరుకు మీ గరిటె జోరు చాలదు ఆంటీ. ఇంకో ఇద్దర్ని పెట్టుకోండి, క్యూ మాయమైపోద్ది," అన్నాడు.

పెట్టుకుంది. మాయమైంది.

క్యూతోపాటు జనమూ మాయమయ్యారు. క్యూ కనిపిస్తే ముందు నిలబడి, ఎందుకో తర్వాత అడగడం మా ఊరి అలవాటు. మా ఆవిడ ఓసారి అలాగే నిలబడి, ముక్కూమొహం తెలియని వధూవరులను ఆశీర్వదించి వచ్చింది. ఇప్పుడు ఆంటీ అంగడి చూసి, "ఖాళీగా ఉందంటే ఏదో తేడా ఉందిలే," అంటూ అందరూ పక్కకు పోతున్నారు. ఇక అంగడి మూసుకోవడమే మిగిలింది.

"కొత్తవాళ్లిద్దర్నీ తీసేస్తావా ఆంటీ?" అని అడిగాను.

"మతి పోయిందా? చదువుకున్నోడు లెక్కేసి చెప్పాడు. ఇద్దరూ ఉండాల్సిందే. పని మార్చానంతే."

మరుసటి వారానికి క్యూ మళ్లీ మూల తిరిగింది. అంగడి ఎవరిదో కనిపించనంత దూరంలో, చివరన హాన్ లియాంగ్ వచ్చి నిలబడ్డాడు.

"ఇక్కడ ఏం బాగుంటుందన్నా?" అని ముందున్నవాణ్ణి అడిగాడు.

"ఏమో తమ్ముడూ, నేను తినడానికి రాలేదు. నాది ఇక్కడ ఉద్యోగం." అతను హాన్ లియాంగ్‌ను ఎగాదిగా చూశాడు. "బాగానే నిలబడుతున్నావే! సాయంత్రానికి ఇంకో మనిషి కావాలంటోంది ఆంటీ. చేరతావా?"