పేషెంటూ బాడీ

“పేషెంట్లను ఎక్కించుకోనీకి లేదక్కా. ఇది బాడీల బండి” అన్నాడు డ్రైవర్ జయరాజ్.

లాలికి ఆ రెండు ఇంగ్లీషు మాటల తేడా అర్థం కాలేదు. ఖమ్మంలో దవాఖానా మెట్ల మీద ఆమె భర్త సోమ్లా గోడకు ఒరిగి, కళ్లు మూసుకుని ఉన్నాడు. తమ చేతుల్లో ఏమీ లేదనీ, ఇంటికి తీసుకుపొమ్మనీ డాక్టర్లు పొద్దున్నే చెప్పేశారు. కూర్చోలేని మనిషిని బస్సు కండక్టరు ఎక్కనివ్వలేదు. బూర్గంపాడు అవతలి తండా దాకా కారు మాట్లాడే స్తోమత ఆమెకు లేదు.

“ఊపిరి ఉంటే పేషెంటు. పోతే బాడీ” అని విడమరిచాడు జయరాజ్. “పేషెంటును ఈడికి తెచ్చే బండి ఉన్నది గానీ ఇంటికి దించే బండి లేదు. బాడీనైతే కిరాయి లేకుండ ఇంటి దాకా దించుతం.”

లాలి బండి టైరు పక్కనే చతికిలబడింది. సోమ్లా కళ్లు తెరిచాడు.

“నా పానం నా మంచంల పోవాలె అన్నా. నేను కదల. బాడీ అనుకో.”

జయరాజ్ అతన్ని బండిలో పడుకోబెట్టాడు. తెల్లగుడ్డ తెచ్చి తనే కప్పాడు. గేటు దగ్గర సూపర్‌వైజరు నిలబడి ఉండటంతో రూలు ప్రకారం సోమ్లా ఇంటికి ఫోన్ చేయక తప్పలేదు. సోమ్లా తమ్ముడు బిచ్యా ఎత్తాడు. బాడీ వస్తోందనీ, మనుషులను తీసుకుని రోడ్డు మీదికి రమ్మనీ జయరాజ్ చెప్పాడు. ఫోన్లోంచి బిచ్యా బావురుమన్నాడు. లాలి కొంగు నోట్లో కుక్కుకుంది.

పాల్వంచ దాటి అడవిలో పడ్డాక గుడ్డ తీశారు. సోమ్లా చెట్లను చూస్తూ కాసిన్ని నీళ్లు తాగాడు. నిజం చెబుదామని లాలి ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు. మరిది గుండె ఎంత పగిలిందోనని దారంతా ఆమెకు ఒకటే బెంగ. అన్నను చూడగానే వాడి మొహం ఎలా వెలిగిపోతుందో తలుచుకుని మనసు కుదుటపరుచుకుంది.

తండా మలుపులో డప్పు మోగుతోంది. పాడె కట్టి ఉంది. బిచ్యా భార్య సక్రి గుండెలు బాదుకుంటూ బండికి ఎదురొచ్చింది. తలుపు తెరుచుకోగానే సోమ్లా మోచేతి మీద లేచి, “తమ్మీ” అని పిలిచాడు.

డప్పు ఆగింది. ఏడుపూ ఆగింది.

లాలి నవ్వుతూ కిందికి దిగింది. బిచ్యా ఆమె వైపు చూడలేదు, అన్న దగ్గరికీ పోలేదు. జయరాజ్‌ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అన్నాడు:

“పేషెంటును సూసుకునుడు మాతోని గాదన్నా. వాపస్ తీస్కపో. బాడీ అయినంకనే తీస్కరా.”