నలభై మూడు టికెట్లు

పుస్తకం అచ్చుకెళ్ళడానికి ఇంక రెండు రోజులే ఉంది. టూరిజం పేజీ మాత్రం బోడిగుండులా నున్నగా ఉంది.

ఆ పుస్తకం పేరు ‘మన ఏడాది విజయాలు’. ఏటా ప్రభుత్వం అచ్చు వేయిస్తుంది. విజయాలు సాధించేది ఎవరో గానీ, వాటిని రాసేది మాత్రం ప్రచార శాఖ మూలగదిలో, కాలు విరిగిన కుర్చీలో కూర్చునే రాతగాడు. ఉద్యోగం అంటే ఉద్యోగమే. కాకపోతే ఏడాదికోసారి పాత నియామకం చీటీ చింపేసి కొత్తది ఇస్తారు. పుస్తకం బాగుంటే ఇంకో ఏడాది. బాగోకపోతే ఇంటికి.

“ఆ పేజీ ఖాళీగా వచ్చిందో, నీ కుర్చీ కూడా ఖాళీ చేసెయ్,” అన్నాడు డైరెక్టరు.

ఇంట్లో భార్య ఇంకా సూటిగా చెప్పింది. “పోయినసారి చీటీ ఆలస్యమైతేనే మా అన్నయ్య ముందు తల ఎత్తుకోలేకపోయాను. ఈసారి ఊడిందనుకో, ఆ విజయం కూడా పుస్తకంలోనే రాసుకో.”

నిజానికి మిగతా పేజీలు నల్లేరు మీద నడకలా సాగిపోయాయి. ప్రజాసేవల పేజీకి ఒక్క ఫొటో సరిపోయింది. అదొక పట్టణంలో అర్జీల ఆఫీసు. ఒకప్పుడు దాని ముందు చీమ దూరే సందు ఉండేది కాదు. ఇప్పుడు వరండాలో ఒక కుక్క వెల్లకిలా పడి నిద్రపోతోంది. మనిషన్నవాడు లేడు. ‘సమస్యలే లేని పట్టణం’ అని కింద రాసిపారేశాడు.

ఆర్థిక పేజీ కూడా ఆ పట్టణం పుణ్యమే. ఒక్క ఏడాదిలో అక్కడి పాతకోట గేటు ముందు పదిహేడు కొత్త దుకాణాలు వెలిశాయి. టీ బళ్ళు, గొడుగుల కొట్లు, రెండు ఫొటో స్టూడియోలు.

ఆ లెక్క ఇంకోసారి చదువుతుంటే రాతగాడికి తట్టింది. కోట ముందు దుకాణాలున్నాయంటే జనం ఉన్నట్టేగా! వెతకబోయిన తీగ కాలికి తగిలింది. పొద్దున్నే బస్సెక్కాడు.

కోట దగ్గర దిగి నోరు తెరిచాడు. గేటు ఇంకా తియ్యనే లేదు, వరుస వీధి మలుపు దాటిపోయింది. ముసలీ ముతకా, చంటిపిల్లల తల్లులూ, చేతికర్రలవాళ్ళూ. టికెట్ల కిటికీ వెనక ఒక బట్టతల పెద్దాయన చెమటలు కక్కుతూ టికెట్లు చింపుతున్నాడు.

“పోయినేడాది ఎంతమంది వచ్చేవారు బాబాయ్?”

“గబ్బిలాలు తప్ప ఎవరొచ్చేవారు బాబూ? రోజుకి నలుగురొస్తే గొప్ప.”

“మరిప్పుడో?”

“ఏడొందలకి తగ్గరు.”

“ఏం మంత్రం వేశావయ్యా!”

“నా మొహం, నాదేముంది. అంతా పైవాళ్ళ చలవ.”

‘ఉన్నతాధికారుల దూరదృష్టి’ అని రాసుకున్నాడు రాతగాడు.

“ఆదివారం అయితే ఇంక తొక్కిసలాటేనేమో?”

“ఆదివారం ఈగలు తోలుకుంటాం.”

‘పనులు మానుకుని మరీ తరలివస్తున్న యాత్రికులు’ అని రాసుకున్నాడు.

ఒకసారి పైకెక్కి చూద్దామనుకున్నాడు. అరవై మెట్లు కనబడ్డాయి. మోకాళ్ళు మొరాయించాయి. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదూ? టికెట్ల గదిలోనే స్టూలు మీద కూలబడి కిటికీలోంచి చూశాడు. జనం ఎక్కేటప్పుడు ఒకర్నొకరు తోసుకుంటూ పరుగు. దిగేటప్పుడు మాత్రం కాళ్ళీడ్చుకుంటూ, మాటా పలుకూ లేకుండా, కొందరైతే కళ్ళొత్తుకుంటూ. ‘పై అంతస్తు చూసి నోట మాట రాని సందర్శకులు’ అని రాసుకున్నాడు.

అప్పుడొచ్చింది ఆ పెద్దమ్మ. డెబ్బై ఏళ్ళుంటాయి. భుజానికో గుడ్డసంచి, సంచికో పిన్నీసు, పిన్నీసుకు గుత్తిగా పాత టికెట్లు.

“వచ్చావా అక్కా? నీ టికెట్టు చింపే ఉంచా,” అన్నాడు బట్టతల.

రాతగాడు లేచి నిలబడ్డాడు. “అవన్నీ నీవేనా పెద్దమ్మా?”

“నావి కాక నీవా? ఇదిగో, దీంతో నలభై మూడు. రేపెవడైనా నేను రాలేదంటే మొహాన కొట్టడానికి దాచా.”

“ఈ కోటంటే అంత ప్రాణమా?”

“ముందు అడ్డం లే బాబూ! పన్నెండైతే పైన తలుపులేసేస్తారు,” అంటూ ఆవిడ మెట్లకేసి పరుగు తీసింది.

రాతగాడి గుండె నిండింది. పేజీ కూడా నిండింది.

పుస్తకం విడుదలకు మంత్రి వచ్చాడు. డైరెక్టరు కొత్త చీటీ జేబులోంచి సగం పైకి తీసి చూపించాడు. “సభ సజావుగా ముగిస్తే ఇక్కడే సంతకం పెట్టేస్తా.” ముందు వరుసలో భార్య, పక్కనే ఆవిడ అన్నయ్య. ‘ఉత్తమ యాత్రికురాలు’ అంటూ పెద్దమ్మని ఆఫీసు కారులో తెచ్చి వేదిక మీద కూర్చోబెట్టారు.

“మంత్రిగారు నాతో నిజంగా మాట్లాడతారా?” అని ఆవిడ రాతగాణ్ణి మూడుసార్లు అడిగింది.

“నువ్వేం మాట్లాడక్కర్లేదు పెద్దమ్మా. దణ్ణం పెట్టి నవ్వు, చాలు.”

మంత్రి మూడు పేజీలూ గొంతెత్తి చదివాడు. ఖాళీ వరండాకు చప్పట్లు. పదిహేడు దుకాణాలకు చప్పట్లు. ఏడొందల మంది యాత్రికులకైతే ఈలలు. బావమరిది కూడా లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. డైరెక్టరు చీటీ ఒళ్ళో పరిచి కలం మూత తీశాడు.

అక్కడితో ఆగితే ఆయన మంత్రి ఎందుకవుతాడు? సంచికి వేలాడుతున్న టికెట్ల గుత్తి చూసి ముచ్చటపడ్డాడు. మైకు తీసి పెద్దమ్మ చేతిలో పెట్టాడు.

“ఒకే కోటకి నలభై మూడుసార్లా! అంత ఏముందమ్మా అక్కడ?”

“మీ అర్జీల ఆఫీసుంది బాబూ,” అంది పెద్దమ్మ మైకు రెండు చేతులా పట్టుకుని, “ఏడాది కిందట దాన్ని ఆ మేడమీదకి మార్చారు, టికెట్టు కొనందే గేటు దాటనివ్వరు, దాటి పైకెళ్తేనేమో నా కొళాయి సంగతి రేపు చూద్దాం రమ్మంటారు!”